షేకమ్మ మేతలో నా వాటా

ఆ ఏడాది మా ఇంట్లో ఇద్దరం కడుపుతో ఉన్నాం. ఒకరికి పొద్దున్నే నానబెట్టిన శనగలు, మధ్యాహ్నం తవుడులో కలిపిన, నూనె తీసిన కొబ్బరి చెక్క, సాయంత్రం లేత అవిశాకు, అప్పుడప్పుడూ ఇంటికే వచ్చి చూసి వెళ్లే డాక్టరు. రెండోవాళ్లకి చారన్నం. చారన్నం ఎవరికని అడక్కండి. గొర్రెలు చారు తాగవు.

నా పేరు హేమ. మా అత్తవారిది అల్లవరం దాటాక సముద్రం వైపు ఊరు. ఇటు చూస్తే రొయ్యల చెరువులు, అటు చూస్తే కొబ్బరి తోటలు. ఇలాంటి చోట గొర్రెలు పెంచాలన్న బుద్ధి మా ఆయనొక్కడికే పుట్టింది. మా ఆయన నాగసతీష్ కువైట్‌లో ఒక ఆసామి గొర్రెల ఫారంలో పని చేస్తాడు. అక్కడ గొర్రెలకి ఫ్యాన్లున్నాయట. చూడి గొర్రెలకైతే వేరే గది, వేరే మేతట. పెళ్లయిన కొత్తలో మొగుళ్లందరూ ఏవో కబుర్లు చెబుతారు, ఈయన గొర్రెల కబుర్లు చెప్పాడు. నేను నవ్వుతూ విన్నాను. సెలవు అయిపోయే ముందు ఒక పొట్టేలుని, ఒక గొర్రెని తెచ్చి పెరటి పాకలో కట్టేసి, మందకి ఇదే మొదలని చెప్పి విమానం ఎక్కేశాడు. ఆ రోజు నవ్వకుండా ఉండాల్సిందని అప్పుడు తెలిసింది నాకు.

గొర్రెకి షేఖా అని పేరు పెట్టాడు. అరబ్బీలో గొప్పింటి ఆడవాళ్లని అలా అంటారట. మా అత్తయ్యగారు వీరాయమ్మగారికి నోరు తిరగక షేకమ్మని చేశారు. పేరుకి తగ్గట్టే దానికి ఒళ్లంతా పొగరు. తడి గడ్డి ముట్టదు, నిన్నటి నీళ్లు తాగదు, నన్ను చూస్తే మొహం తిప్పుకుంటుంది.

కిందటేడు అది మొదటిసారి ఈనింది. పుట్టిన పిల్ల పిల్లికూనంత ఉంది. లేవబోయింది, పడింది, మళ్లీ లేవలేదు. తల్లి పొదుగులో చుక్క పాలు లేవు. మర్నాటికి పిల్ల పోయింది. మా ఆయన కువైట్‌లో కూర్చుని ఫోన్‌లో ఏడిచాడు. పశువుల డాక్టరు మురళీమోహన్‌గారు వచ్చి, చూడి చివరి నెలల్లోనే కడుపులో పిల్ల గబగబా పెరుగుతుందని, అప్పుడు తల్లికి తిండి చాలకపోతే ఇలాగే బలం లేని పిల్ల పుట్టి, తల్లికి పాలు కూడా పడవని చెప్పారు. ఆ మాటలు మా అత్తయ్యగారి బుర్రలో శిలాక్షరాలైపోయాయి. ఈసారి షేకమ్మ చూడి కట్టిందని తెలిసిన రోజునుంచి దానికి శనగలు మొదలు. మధ్యలో మా ఆయన ఒకసారి సెలవుకి వచ్చి వెళ్లాడు, అప్పటికి నేను నాలుగో నెలలో ఉన్నాను. నాకు పథ్యం మొదలు.

ఆవిడ సిద్ధాంతం ఒకటే. కడుపుతో ఉన్నప్పుడు బాగా తింటే కడుపులో పిల్ల పెద్దదవుతుంది. గొర్రెకి పెద్ద పిల్ల పుడితే లాభం. మనిషికి పెద్ద పిల్ల అయితే ఆపరేషన్. అందుకని గొర్రెకి పెంచాలి, కోడలికి తగ్గించాలి. ఆవిడ లెక్కలో ఇందులో పక్షపాతం ఏమీ లేదు, ఇద్దరి మంచీ చూస్తున్నారు.

"నిన్ను కత్తికి అప్పజెప్పనమ్మాయ్. పిల్ల సన్నంగా ఉంటే సుళువుగా వచ్చేద్ది. నా మొదటి కాన్పు అరగంటలో అయిపోయింది తెలుసా? మంత్రసాని చేతులు కడుక్కునేలోగా కనేసేను. మా అత్తగారు అలా పెంచేరు నన్ను," అనేవారు. ఆ అరగంట కథ ఊళ్లో వినని ఆడది లేదు.

ఆస్పత్రిలో ఇచ్చిన ఐరన్ మాత్రలు అటకెక్కాయి. అవి మింగితే పిల్ల నల్లగా పుడుతుందట. అదే రోజు షేకమ్మకి మినరల్ మిక్చర్ పొడి డబ్బా వచ్చింది. దానికి పుట్టేది నల్లగా ఉన్నా ఎవరికీ అభ్యంతరం లేదు. అంగన్‌వాడీలో నాకిచ్చిన రాగిపిండి షేకమ్మకి అంబలైంది. కోడిగుడ్లు మాత్రం గొర్రె తినదు కాబట్టి మా మావయ్యగారు లోవరాజుగారు తిన్నారు. ఆయన మంచివారే. ఇంట్లో ఉన్నారంటే ఉన్నారు, లేరంటే లేరు.

మా ఆయనతో చెప్పలేదా అంటారేమో. రోజూ వీడియో కాల్ చేసేవాడు. "అమ్మా, షేఖాని చూపించు" అనేవాడు ముందు. అత్తయ్యగారు ఫోన్ పట్టుకుని పాకలోకి వెళ్లి, దాని మొహం, పొట్ట, పొదుగు, ఆఖరికి పేడ కూడా చూపించేవారు. పెళ్లిచూపుల్లో నన్నెవరూ అంత శ్రద్ధగా చూడలేదు. చివర్లో ఫోన్ నా చేతికొచ్చేది. ఆకలేస్తోందండీ అంటే, "అమ్మకి తెలుసు హేమా, నలుగురికి పురుడు పోసిన చెయ్యి" అనేవాడు. ఈలోగా వాళ్ల ఆసామి పిలిచేవాడు. కువైట్ గొర్రెలకి మేత టైమయ్యేది. మొగుడి దగ్గర కూడా నా వంతు గొర్రెల తర్వాతే వచ్చింది.

ఆరో నెలలో అమలాపురంలో స్కానింగ్ తీశారు. డాక్టరమ్మ కాసేపు తెర వంక చూసి, కాసేపు నా వంక చూసింది. బిడ్డ నెలకి తగ్గట్టు పెరగట్లేదని, నా ఒంట్లో రక్తం లేదని, ఇలాగే ఉంటే బిడ్డకి ప్రమాదమని మొహం మీద చెప్పింది. పక్కనున్న అత్తయ్యగారి మొహం మాత్రం వెలిగిపోయింది.

"చిన్నంగా ఉందాండీ? హమ్మయ్య," అన్నారు.

డాక్టరమ్మ ఏదో చెప్పబోయింది. అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చేశారు. కోసే వాళ్లు పెద్ద పిల్లనే కోరుకుంటారట, వాళ్ల మాట వినకూడదట. దారి పొడుగునా ఆటోలో పొట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. లోపల బిడ్డ కదిలింది, చేపపిల్ల తోక ఆడించినట్టు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. పోయిన షేకమ్మ పిల్ల నా కళ్ల ముందే మళ్లీ లేవబోయి పడినట్టైంది. నా బిడ్డకీ అదే జరిగితే అరగంటలో కని ఏం చేసుకోను?

మర్నాడు పొద్దున్నే షేకమ్మకి శనగల బేసిను పట్టుకెళ్లింది నేనే. పాకలో ఎవరూ లేరు. నానిన శనగలు ఒక గుప్పెడు తీసి నోట్లో పోసుకున్నాను. ఇంకో గుప్పెడు తీశాను. ఏం చెప్పమంటారు, పంచభక్ష్య పరమాన్నాలంటే ఇవే అనిపించింది. షేకమ్మ నమ్మలేనట్టు చూసి ఒక్క అరుపు అరిచింది. "ఊరుకోవే తల్లీ, నువ్వూ నేనూ ఒకటే," అన్నాను. అది ఒప్పుకోలేదు. నా కొంగు పట్టుకుని లాగింది.

ఆ రోజునుంచి దాని మేతలో సగం నాది. శనగలు, నలిగిన బెల్లం ముక్క, ఒక్కోసారి కొబ్బరి చెక్కలో మెత్తటి భాగం కూడా. దొంగతనమంటే అనండి. అంగన్‌వాడీ వాళ్లు నాకిచ్చిన రాగిపిండి అది తిన్నప్పుడు ఎవరూ ఆ మాట అనలేదు.

కొన్నాళ్లకి మురళీమోహన్‌గారు షేకమ్మని చూడ్డానికొచ్చారు. నడుం మీద చెయ్యి పెట్టి నొక్కి, మొహం చిట్లించారు.

"వీరాయమ్మగారూ, మేత సరిగ్గా పెడుతున్నారా అండీ? వెన్నెముక తేలిపోతోంది," అన్నారు.

అత్తయ్యగారికి ప్రాణం పోయినంత పనైంది. "అయ్యో, అదేంటండీ. బేసిను నిండా పెడతన్నానండి. ఖాళీ బేసినే తిరిగొస్తందండి."

"అయితే మీరే చూడండి. చివరి పక్కటెముక దాటేక, ఇదిగో ఇక్కడ, వెన్ను మీద చెయ్యేసి బొటనవేలితో నొక్కండి. ఎముక మొన గుచ్చుకుంటంటే తిండి చాలట్లేదని. మెత్తగా కండ తగిల్తే బాగున్నట్టు."

"ఆయ్. మరి కండెక్కువైతే పిల్ల పెద్దదైపోయి ఈనడం కష్టం కదండీ?"

"కొవ్వు పేరుకుంటే కష్టమేనండి. కానీ ఎముక తేలినదానికి నొప్పులు పడే ఓపికే ఉండదు. పిల్లా బతకదు, తల్లీ బతకదు. రోజుకి కొంచెం కొంచెంగా పెంచుకుంటా వెళ్లండి. వారానికోసారి ఇలా చెయ్యేసి చూసుకోండి."

అత్తయ్యగారు నేర్చుకున్నారు. మామూలుగా నేర్చుకోలేదు. వారానికోసారి చూడమంటే పూటకోసారి చూశారు. పొట్టేలు నడుం చూశారు, పక్కింటి గేదె నడుం చూశారు, దారినపోయే మేకల్ని ఆపి చూశారు. కళ్లు మూసుకుని వేళ్లతోనే, "దీనికి తవుడు చాలట్లేదు" అని తేల్చేసేవారు. ఊళ్లో డాక్టరమ్మ అని ఎటకారం మొదలుపెట్టారు. ఆవిడకది బిరుదులా వినపడింది.

ఇక శనగలు ఎవరు కాజేస్తున్నారన్న విచారణ మొదలైంది. మొదట కాకుల మీద అనుమానం. తర్వాత మావయ్యగారి మీద. కల్లు పాకకి వెళ్లేటప్పుడు నంజుకోడానికి జేబులో పోసుకెళ్తున్నారని అత్తయ్యగారు గట్టిగా నమ్మారు.

"మీ లాల్చీ జేబు వాసన చూసేను. శనగ వాసనే," అన్నారు.

"అది పోయిన దసరా నాటి వాసన. మా అమ్మ మీద ఒట్టు," అన్నారు మావయ్యగారు పాపం. ఆయన అమాయకంగా తిట్లు తింటుంటే నాకు జాలేసింది గానీ నోరు విప్పలేదు. నా గుడ్లు తిన్నారు కదా, తిట్లు కూడా తిననీ అనుకున్నాను.

అయితే షేకమ్మ ఎముక మాట నన్ను వదల్లేదు. ఒకటే బేసిను, ఇద్దరు తల్లులు. నేను తింటే దాని పిల్ల ఎండిపోతుంది, అది తింటే నా పిల్ల ఎండిపోతుంది. రోజూ ఆ బేసిను ముందు కూర్చుని, ఈ గుప్పెడు నాదా దానిదా అని తేల్చుకోలేక ఏడుపొచ్చేది. సగం తినేదాన్ని మూడోవంతుకి దిగాను. బదులుగా దొడ్డి వెనక అవిశ కొమ్మలు విరిచి దానికి అదనంగా వేశాను. అది ఆకు తినేసి మళ్లీ బేసిను వంకే చూసేది. నేనూ ఆ వంకే చూసేదాన్ని.

ఏడో నెల రాగానే మా అమ్మ చలిమిడి తీసుకొచ్చింది. మా అమ్మ పేరు బేబి, ఐ.పోలవరంలో ఉంటుంది. కడుపుతో ఉన్న కూతురికి పుట్టింటివాళ్లు చలిమిడి పెడితే కడుపు చలవ. తడి బియ్యప్పిండి, బెల్లం పాకం, కొబ్బరి కోరు, పైన నెయ్యి. పెద్ద స్టీలు క్యాను నిండా తెచ్చింది. మూత తీయగానే వచ్చిన వాసనకి నా కళ్లు తిరిగాయి. నెలాఖరున మంచిరోజు చూసుకుని నన్ను పుట్టింటికి తీసుకెళ్లాలని కూడా అనుకున్నారు.

పేరంటాళ్లు వచ్చారు, బొట్టు పెట్టారు, గాజులు తొడిగారు. అత్తయ్యగారు నా ఒళ్లో నిమ్మకాయంత చలిమిడి పెట్టి, "శాస్త్రానికి చాల్లే అమ్మాయ్, బరువు చేస్తది," అని క్యాను లోపలికి తీసుకెళ్లిపోయారు. పేరంటాళ్లకి తలో ముద్దా పంచారు. మా అమ్మ నా మొహం వంక చూసింది. నేను నేల చూశాను.

భోజనాలయ్యాక పాకలోంచి అత్తయ్యగారి కేక వినపడింది. వెళ్లి చూస్తే షేకమ్మ నేలమీద పడి ఉంది. ఎడమ పక్క పొట్ట డప్పులా ఉబ్బిపోయింది. పళ్లు కొరుకుతోంది, మూలుగుతోంది. పక్కన స్టీలు క్యాను, లోపల అడుగున నాలుగు మెతుకులంత చలిమిడి మిగిలింది.

"అదీ కడుపుతోటే ఉంది కదండీ వదినగారూ," అన్నారు అత్తయ్యగారు మా అమ్మతో. "ఎముక తేలిపోయింది పాపం. దానికి మాత్రం పుట్టింటివాళ్లెవరున్నారు, నేనే పెట్టేను."

నా చలిమిడి మొత్తం గొర్రెకి సూడిద పెట్టేశారావిడ. కోపం రావాలో నవ్వు రావాలో తెలియక నిలబడిపోయాను.

మురళీమోహన్‌గారు వచ్చారు. చూస్తూనే తల పట్టుకున్నారు. "అలవాటు లేని గొర్రెకి ఇంత పిండీ బెల్లం ఒక్కసారి పెడితే పొట్టలో పులిసిపోద్దండి. విషంతో సమానం," అంటూ వంటసోడా నీళ్లు కలిపి సీసాతో పట్టించారు, ఇంజెక్షన్ చేశారు. తర్వాత ఆగి, "అయినా రోజూ బేసిను నిండా శనగలు, చెక్కా తినే గొర్రె కొంచెమైనా తట్టుకోవాలే. నిజంగా అవన్నీ తింటందా? ఉన్నదున్నట్టు చెప్పండి, తప్పు చెపితే మందు తప్పుద్ది," అన్నారు.

"నా తండ్రి మీద ఒట్టండి, అన్నీ పెడతన్నానండి," అన్నారు అత్తయ్యగారు.

షేకమ్మ కళ్లు తేలేస్తోంది. ఇక దాచి లాభం లేదు.

"అందులో కొంత నేను తింటున్నానండి," అన్నాను.

పొట్టేలు నమలడం ఆపింది.

"ఏంటి?" అన్నారు అత్తయ్యగారు.

"శనగలండి. బెల్లమండి. చెక్క కూడా తిన్నానండి. ఆకలేసి తిన్నాను. కడుపులో బిడ్డ పెరగట్లేదని డాక్టరమ్మ చెపితే మీరు హమ్మయ్య అన్నారు. నాకు భయమేసింది. మీరు గొర్రెకి పెట్టినంత నాకు పెట్టలేదండి అత్తయ్యగారూ. అందుకే గొర్రె దగ్గరికి వెళ్లి తిన్నాను."

మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత కొంగు తీసేసింది. "నా కూతురు పశువు మేత తిందా వదినగారూ? నా కూతురా? ఇప్పుడే తీసుకుపోతున్నాను, మంచిరోజూ వద్దు, మీ మర్యాదలూ వద్దు," అంది. మా అమ్మ గొంతు అంత పైకి లేవడం నేనెప్పుడూ వినలేదు. అత్తయ్యగారు షేకమ్మ పొట్ట నిమురుతూ కూర్చున్నారు.

"నెమరేస్తే బతికినట్టే," అని చెప్పి డాక్టరుగారు వెళ్లిపోయారు. మేం ముగ్గురం ఆ పాకలోనే కూర్చున్నాం, గొర్రె నోరు చూస్తూ. మా అమ్మ నన్ను లెమ్మంది. నేను లేవలేదు. షేకమ్మ నోటి దగ్గరది తిన్నదాన్ని, అది బతుకుతుందో లేదో తెలియకుండా ఎలా వెళ్లను? పొద్దు వాలుతుండగా దాని గొంతులో ఏదో ఉండలా పైకి పాకింది. దవడ ఒకసారి అటు కదిలింది, ఒకసారి ఇటు కదిలింది. నెమరు వేసింది. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఒక గొర్రె నమిలితే అంత సంతోషం వేస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

లేవబోతే కళ్లు చీకట్లు కమ్మాయి. తూలాను. అత్తయ్యగారు చటుక్కున లేచి వెనకనుంచి నా నడుం పట్టుకున్నారు. నిలబెట్టారు. కానీ చెయ్యి తీయలేదు.

నా వెన్ను మీద ఆవిడ బొటనవేలు కదిలింది. చివరి పక్కటెముక దాటాక ఆగింది. మెల్లిగా నొక్కింది. పక్కకి జరిగి మళ్లీ నొక్కింది. ఊళ్లో మేకల్నీ గేదెల్నీ కళ్లు మూసుకుని చెప్పేసే చెయ్యి అది. నేను వెనక్కి తిరిగి చూశాను. ఆవిడ కళ్లు మూసుకునే ఉన్నారు. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి.

"ఎముక," అన్నారు. అంతే అన్నారు.

లోపలికి వెళ్లారు. వేడన్నంలో ముద్దపప్పు, నెయ్యి, రెండు ఉడికిన కోడిగుడ్లు పెట్టుకుని వచ్చారు. అటక మీది ఐరన్ మాత్రలు కొంగుతో తుడిచి పళ్లెం పక్కన పెట్టారు. మా అమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని, "మంచిరోజు దాకా ఉంచండి వదినగారూ. ఎముకలతో పంపనండి," అన్నారు. మా అమ్మ నన్ను చూసింది. నా నోరు ఖాళీ లేదు, తలూపాను.

ఆ రోజునుంచి నా పని పట్టారు. డాక్టరుగారు గొర్రెకి చెప్పిన పద్ధతే నాకూ పెట్టారు. ఒక్కసారిగా కాదు, రోజుకి కొంచెం కొంచెంగా పెంచారు. పొద్దున్నే రెండు గిన్నెల్లో శనగలు, ఒకటి షేకమ్మకి, ఒకటి నాకు. పూటపూటా నా నడుం నొక్కి చూసేవారు, పేరంటాళ్లున్నా సరే, పాలవాడున్నా సరే. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. మా ఆయనకి సంగతంతా తెలిసింది. ఒక రోజంతా ఫోన్ చెయ్యలేదు. మర్నాడు చేసి, షేఖా మాట ఎత్తకుండా, "నువ్వు తిన్నావా?" అని అడిగాడు. ఎన్నాళ్లకి అడిగాడో. తిన్నానని చెప్పి, గొర్రె కూడా తిందని నేనే చెప్పాను. ఎంతైనా అలవాటు పడ్డ ప్రాణం కదా.

షేకమ్మ ఆ నెల్లోనే ఈనింది. ఒకటి కాదు, రెండు పిల్లలు. మొదటిది కింద పడగానే తుమ్మి, లేచి, తడబడుతూ పొదుగు వెతుక్కుంది. రెండోది దాన్ని తోసేసి ముందుకెళ్లింది. పొదుగునిండా పాలు. అత్తయ్యగారు నేలమీద కూర్చుని ఆ పిల్లలు పాలు తాగుతుంటే ఎంతసేపు చూశారో. కాన్పు కష్టం కాలేదని ఎవరితోనూ అనలేదు. అరగంట కథ కూడా మళ్లీ చెప్పలేదు.

ఈలోగా ఇంకోసారి స్కానింగ్‌కి వెళ్లాం. బిడ్డ పుంజుకుందని, ఇలాగే తినమని డాక్టరమ్మ చెప్పింది. "చెయ్యేసి చూస్తన్నానండి, కండ పడతంది," అని ఆవిడకి భరోసా ఇచ్చారు మా అత్తయ్యగారు. డాక్టరమ్మకి ఏమీ అర్థం కాలేదు.

పుట్టింటికి వెళ్లే రోజు వచ్చింది. ఆటో గుమ్మంలో ఉంది, మా అమ్మ ఎక్కి కూర్చుంది. అత్తయ్యగారు పాక దగ్గర నాకు బొట్టు పెట్టి, పూలు పెట్టి, వెనక్కి తిరగమన్నారు. ఆఖరిసారి నొక్కి చూశారు.

"ఇప్పుడు తగల్టం లేదు," అన్నారు. చెయ్యి మాత్రం అక్కడే ఉంచేశారు. "అమ్మాయ్, అరగంటలో కన్నానని చెప్పేనే. అది సతీష్ కాదు. వాడి ముందోడు. నా అరచేతిలో పట్టేడు. ఏడవడానిక్కూడా ఓపిక లేదు వాడికి. నాకు పాలూ పడలేదు. పోయేడు. సుళువుగా కన్నావని అందరూ మెచ్చుకున్నారు, నేనూ అదే చెప్పుకుంటా వచ్చేను. మా అత్తగారు చెడ్డది కాదు. నా వీపు మీద ఎవరూ చెయ్యేసి చూళ్లేదు, అంతే."

నేను తిరిగి ఆవిడని గట్టిగా పట్టుకున్నాను. కోడళ్లు అత్తల్ని అలా పట్టుకోరు మా ఇళ్లలో. ఎక్కడ చెయ్యి వెయ్యాలో తెలియక నడుం మీద వేశాను. వేళ్లకి ఎముక గుచ్చుకుంది. పైకీ కిందకీ జరిపాను, అన్నీ ఎముకలే. ఇన్నేళ్లుగా అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తిన్న ఒళ్లు అది. ఆ ఇంట్లో నేను ఇన్నాళ్లుండి, ఎవరి పళ్లెంలో ఏముందో అంత కనిపెట్టి చూసి, ఆవిడ పళ్లెం వంక ఒక్కసారి చూడలేదు.

ఆటో అతన్ని ఆగమన్నాను. పాకలోకి వెళ్లి షేకమ్మ బేసినులోంచి రెండు గుప్పిళ్ల శనగలు తీసుకొచ్చి అత్తయ్యగారి చేతిలో పోశాను.

"తినండి," అన్నాను.

"గొర్రె మేతమ్మాయ్."

"మంచి మేతండి. నేను తిన్నాను. మీరు తినేదాకా ఆటో కదలదు."

ఆవిడ నా వంక చూసి, చేతిలోకి చూసి, నాలుగు గింజలు నోట్లో వేసుకున్నారు. నమిలారు. ఇంకో నాలుగు వేసుకున్నారు. వెనక పాకలోంచి షేకమ్మ గొంతు చించుకుని అరిచింది. ఇప్పుడు ఈవిడ కూడానా అని దాని బాధ.